కోర్టులో చెప్పాల్సిన అబద్ధం

కెంటకీ కొండల్లో ఆ ఉదయం కూడా వెర్నా ఎప్పట్లాగే పొయ్యి ముందు నిలబడి గ్రేవీ కలుపుతోంది. అది అడుగంటుతున్నా చూసుకోలేదు. మనసంతా కోర్టులోనే ఉంది. నాలుగేళ్ల మనవరాలు జోసీకి తన కూతురు కేలీన్ ఇక తల్లో కాదో ఈ రోజు జడ్జి తేల్చేస్తాడు. కాదంటే పిల్ల శాశ్వతంగా ఇప్పుడు తనను పెంచుతున్న పెంపుడు తల్లిదండ్రులదైపోతుంది.

“అమ్మా, గుర్తుందిగా?” కేలీన్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటగదిలోకి వచ్చింది. “పిల్లని తీసుకెళ్లకముందు మంచు పడ్డప్పుడు అది నీ దగ్గరే ఉందని చెప్పు. అంతే.”

“లేదు కదే.”

“లేదని నాకు తెలీదా! నా కూతుర్ని పోగొట్టుకోమంటావా?”

“మత్తు బిళ్లల కోసం ఊళ్లు పట్టుకు తిరిగినప్పుడు గుర్తురాలేదా కూతురు?”

“ఎత్తిపొడుపులు తర్వాత. చెప్తావా, చెప్పవా?”

వెర్నా పొయ్యి ఆర్పేసింది. కేలీన్‌ను ఇంట్లోంచి పంపేస్తే మనవరాల్ని నీకే ఇస్తామని పిల్లల సంక్షేమ అధికారులు ఎప్పుడో అన్నారు. కన్నపేగు కదా, పంపలేకపోయింది. ఆ సంగతి ఆమెను ఇప్పటికీ పీక్కుతింటోంది.

కోర్టులో వెర్నా బోనెక్కింది.

“మంచు పడ్డ ఆ రోజుల్లో పిల్ల ఎక్కడుందమ్మా?” ప్రభుత్వ లాయరు అడిగాడు.

ఎదురుగా కేలీన్ కళ్లతోనే బతిమాలుతోంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

“ఒక్కతే ఉందండీ, అప్పట్లో కేలీన్ ఉంటున్న చక్రాల ట్రైలర్ ఇంట్లో. నేనే తలుపు పగలగొట్టాను. ఆ చలిలో కుక్కకు పెట్టే తిండి నములుతోంది. నన్ను చూసి భయపడిపోయి, ‘తిట్టకు అమ్మమ్మా, కొంచెమే తిన్నాను’ అంది.”

మధ్యాహ్నానికి తీర్పు వచ్చింది. జోసీ మీద కేలీన్‌కు ఇక ఏ హక్కూ లేదు.

కారు దగ్గర వెర్నా భయపడుతూనే నిలబడింది. అరుస్తుందనుకున్న కూతురు మెల్లగా అడిగింది.

“జోసీ అన్న ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదేం?”

“ఎన్నిసార్లు చెప్పానో. నీకు ఒళ్లు తెలిస్తే కదే!”

కేలీన్ నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. “నన్ను మర్చిపోతుందా అమ్మా?”

“పెద్దయ్యాక వెతుక్కుంటూ వస్తుంది,” వెర్నా ఆమెను రెండు చేతులా లేవదీసింది. “అప్పటికి నువ్వు బతికుండాలి తల్లీ.”

కేలీన్ చాలాసేపు తల్లిని వదల్లేదు. తర్వాత తనే కారెక్కింది.

“ఇంటికొద్దమ్మా. మత్తు మాన్పించే ఆసుపత్రికి పోనీ.”