ముప్పై అయిదు మార్కులు

విరుదునగర్ బస్టాండులో పట్టపగలు ఇన్ఫార్మర్ మూక్కన్‌ను కాల్చి చంపారు. పోయేముందు అతను చెప్పగలిగింది ఒక్క మాటే: కోవిల్‌పట్టి.

ఏజెంట్ చౌడయ్యకు చీఫ్ బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. పదకొండేళ్ల క్రితం, 1986లో, వెంబకోట్టై దగ్గర ఒక రసాయనాల గోడౌన్ పేలింది. అక్కడ పనిచేసిన గర్భిణుల్లో ఒకామెకు పుట్టిన బిడ్డ మ్యూటెంట్. సైంటిస్టులను మించిన మెదడు. విదేశీ ముఠా ఒకటి ఆ బిడ్డ కోసం దిగింది.

"ముందు మనం పట్టుకోవాలి. ఢిల్లీ ల్యాబ్‌కు పంపాలి. కోడ్ వర్డ్ పాల్కోవా."

చౌడయ్య కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్లవాడే. అక్కడి ఇళ్లలో మాట్లాడే తెలుగు వచ్చు. స్కూల్ ఇన్‌స్పెక్టర్ వేషంలో మూడు వారాలు అక్కడి బడులన్నీ తిరిగాడు. పజిల్స్ ఇచ్చి, పెన్నులో దాచిన కెమెరాతో జవాబులు ఫొటోలు తీశాడు. పిల్లలంతా మామూలుగానే ఉన్నారు. చీఫ్ రోజూ ఫోన్లో తిట్టేవాడు. చౌడయ్యకు ఆ ఎండ మీద, ఆ పెన్ను మీద, చివరకు తన మీద తనకే విసుగు పుట్టింది.

ఆఖరికి పాత మార్కుల రిజిస్టర్లో ఒక పేరు దగ్గర ఆగాడు. పాండిసెల్వి, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ కూలీ పట్టమ్మాళ్ కూతురు. అయిదేళ్లుగా ప్రతి పరీక్షలో, ప్రతి సబ్జెక్టులో సరిగ్గా ముప్పై అయిదు. ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు.

సంతోషం పట్టలేక తన పార్ట్‌నర్ యువరాణికి వైర్‌లెస్‌లో చెప్పేశాడు. నల్లకళ్లద్దాల ఆ అందగత్తె ముఠా మనిషని తెలిసేసరికి పిల్ల ఆమె వ్యానులో తూత్తుకుడి హార్బర్ దారిలో ఉంది.

కోవిల్‌పట్టి దాటాక రైల్వే గేటు దగ్గర అతని జీపు వ్యానును అందుకుంది. వెనుక తలుపుకు లోపలా బయటా నంబర్ లాక్. టైరుకు గురిపెడితే పిస్టల్ జామ్ అయింది. రైలు వెళ్లిపోయింది. గేటు లేస్తోంది.

తలుపు తెరుచుకుంది. పాండిసెల్వి కిందికి దూకింది. వెనకే వచ్చిన పోలీసులు యువరాణిని స్టీరింగ్ దగ్గరే పట్టుకున్నారు.

"ఆ పూట్టు, ఆ నంబర్ తాళం, ఎట్లా తీసినావు?" అన్నాడు చౌడయ్య.

"ఆయమ్మ నొక్కేటప్పుడు చప్పుడు విన్నాను సార్. నాలుగు నంబర్లే కదా."

"ఇంత తెలివి ఎందుకు దాచినావమ్మా?"

"తెలిస్తే మాయమ్మ దగ్గర ఉండనిస్తారా? మీరే చెప్పండి సార్."

ల్యాబ్ ఉత్తర్వు అతని జేబులోనే ఉంది. చౌడయ్య జీపును వెనక్కి, కోవిల్‌పట్టి వైపు తిప్పాడు. పిల్లను పట్టమ్మాళ్ దగ్గర దింపి, మ్యూటెంట్ కథంతా వదంతి అని రిపోర్టు రాశాడు. యువరాణి వాంగ్మూలాన్ని డబుల్ ఏజెంట్ మాటగా కొట్టిపారేశారు.

చీఫ్ మండిపడి, 'పరిశీలనాశక్తి చాలదు' అని చౌడయ్య సర్వీస్ రికార్డులో రాయించాడు. చౌడయ్య దాన్ని రెండుసార్లు చదివి, ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాడు.