వాన తగ్గేలోపు

"మిషన్ మీద చెయ్యి వేశారంటే మర్యాదగా ఉండదు!"

టైలరమ్మ అంత మాట అనేసరికి వాళ్ళాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పాపం, దుమ్ము తుడుద్దామనుకున్నారు. ఆ సంగతి చెప్పేలోపే ఆవిడ కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి, తాడు బిగించి ముడి వేసేసింది. వాన తగ్గగానే వస్తానని ట్రాలీ అతను ఫోన్ చేశాడు. అతనొస్తే మిషన్ మెయిన్ రోడ్డు మీది అద్దె గదికి వెళ్ళిపోతుంది. ఆవిడా వెళ్ళిపోతుంది. అక్కడే మంచం కూడా వేయించుకుంటానని పొద్దున్నే ప్రకటించింది.

ఆయన కిటికీలోంచి వాన వంక చూశారు. ఇంత వయసొచ్చాక వానను బతిమాలుకోవడం ఇదే మొదలు. ఇంకాసేపు కురువమ్మా తల్లీ!

పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయనకు రొట్టెల ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ. వీధిలోవాళ్ళు చాటుగా గుడ్లగూబ గారు అనేవారు. రాత్రంతా ఫ్యాక్టరీలో పని, పగలంతా వెనక గదిలో నిద్ర. ఆవిడ పగలంతా ముందు గదిలో ఆడవాళ్ళ బట్టలు కుట్టేది. ఒకే ఇంట్లో వేరువేరు పూటల్లో కాపురం సాగింది. గొడవల్లేవు. గొడవ పడాలన్నా ఇద్దరూ మెలకువగా ఉండాలి కదా!

ఈ మధ్యే ఆయన రిటైరయ్యారు. అప్పుడు మొదలైంది అసలు సినిమా.

పొద్దున్నే కాఫీ తాగడం, కుర్చీ లాక్కుని ముందు గదిలో కూర్చోవడం. ఎవరొచ్చినా కదలరు. కొలతలివ్వడానికొచ్చిన ఆడపిల్లలు ఆయన్ని చూసి గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవారు. నిన్నైతే సాయం చేద్దామని, ఆవిడ కత్తిరించి పెట్టిన ముక్కలన్నీ రంగుల వారీగా సర్దేశారు. నలుగురు నర్సుల తెల్లకోట్లు ఒకే గుట్టలో కలిసిపోయాయి. ఏ కాలర్ లావుపాటి నర్సుదో, ఏ చెయ్యి బక్కపల్చటి నర్సుదో దేవుడికే తెలియాలి.

"నిన్నటి దానికి సారీ అన్నాను కదా," అన్నారాయన.

"సారీ చెప్తే కోట్లు వాటంతటవే కుట్టుకోవండీ."

"ఇక ఈ గదిలోకి రాను. వంటింట్లో కూర్చుంటాను."

"అక్కడా డబ్బాలు సర్దారుగా! ఉప్పు కోసం స్టూలెక్కాను నేను."

"పైన పెడితే చెమ్మ పట్టదని..."

"నేను పొట్టిదాన్నని ఇన్నేళ్ళకైనా తెలీదా మీకు?"

బయట వాన కాస్త సన్నబడింది. ఆయన మళ్ళీ కిటికీ దగ్గరికెళ్ళి ఆకాశం వంక చూశారు.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి." ఆవిడ ఇటు తిరిగింది. కళ్ళల్లో కోపం కన్నా బాధే ఎక్కువుంది. "నా మీద అనుమానమా? ఎవరొస్తున్నారు, ఏం మాట్లాడుతున్నాను, పని సరిగ్గా చేస్తున్నానా అని సూపర్‌వైజర్‌లా కాపలా కాస్తున్నారు. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే నడుపుకొచ్చిన షాపండీ ఇది!"

"ఛఛ! అనుమానమేంటి?"

"మరెందుకు కూర్చుంటున్నారు? పార్కుంది, మీ ఫ్రెండ్సున్నారు."

"నా ఫ్రెండ్సంతా నైట్ డ్యూటీ వాళ్ళే. పగలు తలుపు కొడితే తంతారు."

ఆవిడకు నవ్వొచ్చింది గానీ బిగబట్టింది. ఇప్పుడు నవ్వితే ఇంతవరకూ పడ్డ కోపమంతా వృథా.

వీధిలో ట్రాలీ వచ్చి ఆగిన చప్పుడైంది. ఆయన ఇక లాభం లేదనుకున్నారు.

"నీ గొంతు వినడానికి," అన్నారు.

"ఏంటీ?"

"నేను నిద్రపోతున్నానని నువ్వు ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో గుసగుసగానే మాట్లాడావు. కస్టమర్ల చేతా అలాగే మాట్లాడించావు. రిటైరైన మర్నాడు కొలతలివ్వడానికొచ్చిన టీచరమ్మతో గట్టిగా ఏదో అని పకపకా నవ్వావు చూడు, ఎవరబ్బా ఈవిడ అని లేచొచ్చాను. ఇక కుర్చీ వదిలితే ఒట్టు! ఈ వయసులో పెళ్ళాం మీద మనసు పడ్డానని ఎలా చెప్పను? సిగ్గేసింది."

తాడు మీదున్న ఆవిడ చెయ్యి అలాగే ఉండిపోయింది. బుగ్గలు వేడెక్కాయి.

"ఆ ముక్క అప్పుడే ఏడవొచ్చుగా," అంది తల తిప్పుకుని. "నా మీద నమ్మకం లేదనుకుని ఎంత బాధపడ్డానో!"

"ఇప్పుడు చెప్పాగా. వెళ్ళకు."

ఆవిడ తాడు ముడి మరోసారి బిగించింది.

"వెళ్తానండీ," అంది చివరికి. "మీ మీద కోపంతో కాదు. ఆడపిల్లలు మొహమాటం లేకుండా రావాలి. నాక్కూడా నాదంటూ ఓ చోటు కావాలి. సాయంత్రానికి ఇంటికే వస్తాను."

"మరి మంచం?"

"మంచం కాన్సిల్."

ఆయన ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఆశ కూడా పుట్టింది. "పగలు నేను రావచ్చా?"

"లేడీస్ టైలర్ షాపు. మగాళ్ళకు నో ఎంట్రీ."

"కస్టమర్‌గా అయినా?"

"మగాళ్ళకు కుట్టను."

"నాకున్నవన్నీ ఫ్యాక్టరీ యూనిఫామ్‌లేనోయ్. డ్యూటీ లేని రోజున ఏం వేసుకోవాలో తెలీట్లేదు. నువ్వు కుట్టిన చొక్కా ఒక్కటైనా లేదు నాకు."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. నిజమే. ఊరందరికీ కుట్టింది గానీ ఈయన భుజం వెడల్పెంతో ఆవిడకు తెలియదు. మెడలోంచి టేపు తీసింది.

"చేతులెత్తండి."

ఎత్తారు. టేపు ఆయన ఛాతీ చుట్టూ తిరిగింది. టేపుతో పాటు ఆవిడ చేతులూ తిరిగాయి.

"ఊపిరి వదలండి, కొలత తప్పుతుంది."

"నేనేం బిగబట్టలేదు."

"అబద్ధాలు!"

బయట హారన్ మోగింది. "అమ్మా, వాన తగ్గింది! మిషన్ ఎక్కించేద్దామా?"

ఆవిడ టేపు వదల్లేదు. కిటికీ వైపు తల తిప్పి, వీధి వీధంతా వినపడేలా కేకేసింది.

"ఆగవయ్యా! కస్టమరున్నారు!"