మొగ్గ దాచిన మొనగాడు

"ఏయ్! ముందు ఆ కత్తి కింద పడేసి, చెట్టు దిగు!"

జీడిచెట్టు కొమ్మ మీద గొంతుక్కూర్చున్న లోకనాథ్ ఉలిక్కిపడ్డాడు. చేతిలో కత్తి జారి కింద పడింది. దాని వెనకాలే అప్పుడే నరికిన బదనిక గుత్తి కూడా పడింది.

కింద స్కూటీ మీద ఒకమ్మాయి. హెల్మెట్ కూడా తియ్యకుండా వేలు చూపిస్తోంది. మెడలో ఐడీ కార్డు అటూ ఇటూ ఊగుతోంది.

"మా చెట్టు, మా కత్తి. మీకేటండీ?" అన్నాడు లోకనాథ్, దిగుతూనే.

"చెట్టు నీదే. దీన్నెందుకు నరికావ్?"

"బదనికండీ అది. చెట్టు రసం పీల్చేత్తాది. మా తాత కాడ్నుంచీ ఏటా వానలు తగ్గాక గీకి పారేత్తన్నాం."

"అయితే మీ తాత కాడ్నుంచీ తప్పే చేస్తన్నారు." ఆమె స్కూటీ దిగి ఆ గుత్తిని రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఇది ఆర్కిడ్. ఈ వేళ్లు చూడు, చెట్టులోకి ఎక్కడన్నా దిగాయా? బెరడుని పట్టుకుని ఉన్నాయంతే. గాల్లో తేమ, వాన చుక్క, ఇవే దీని తిండి. చెట్టుని ఏమీ అడగదు. జూన్‌లో పూసినప్పుడు రోడ్డు మీంచి చూశాను. మళ్లీ ఎప్పుడు పూస్తాదా అని రోజూ చూస్తన్నాను. నువ్వొచ్చి..."

హెల్మెట్ అద్దం వెనక కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

లోకనాథ్ గబగబా దగ్గరికొచ్చాడు. "ఓర్నాయనో, ఏడవకండి మేడమ్!"

"ఏడవట్లేదు. చెమట."

"సెమటే లెండి. ఇప్పుడేటి సెయ్యమంటారు?"

ఆమె హెల్మెట్ తీసింది. చెమటకి నుదుటి మీద జుట్టు అతుక్కుపోయింది, ముక్కు ఎర్రబడింది. మనవాడు అక్కడికక్కడే పడిపోయాడు. ఆ సంగతి అతనికి తెలియడానికి మాత్రం ఇంకో నెల పట్టింది.

"నా పేరు బిందు. ఉద్యాన శాఖ. ఇది మళ్లీ పూసేదాకా నువ్వే పెంచాలి. గురువారం గురువారం నేనొచ్చి ఇన్‌స్పెక్షన్ చేస్తాను. పూసిన రోజు నీకు విడుదల. మళ్లీ ఈ తోట ఛాయలకి రాను. సరేనా?"

"సరే" అన్నాడు లోకనాథ్, ఎంత చవగ్గా బయటపడ్డానో అనుకుంటూ.

చవగ్గా ఏం కాదు. ఆ 'సరే' తర్వాత అతని నిద్ర తినేసింది.

లోకనాథ్ అమ్మానాన్నా ఇచ్ఛాపురంలో కిరాణా కొట్టు చూసుకుంటారు. అక్కుపల్లి దగ్గర ఉన్న తోటా, నానమ్మ నూకమ్మా లోకనాథ్ వాటాకి వచ్చాయి. ఆ ఇంటి వరండా చూరుకే ఆర్కిడ్‌ని వేలాడదీశాడు. కొబ్బరి పీచు చుట్టి, ఒక జీడికర్ర ముక్కకి కట్టి, పొద్దుటి ఎండ మాత్రమే తగిలేలా చూశాడు. నీళ్లు కావాలంటే వేళ్లు తెల్లగా మెరుస్తాయి, తాగితే పచ్చబడతాయి. ఆ రంగు చూడకుండా టీ కూడా తాగడు.

"ఒరే, నాకు గలాసుడు నీల్లిమ్మంటే నీకినపడదు. దీనికి మాత్రం పొద్దున్నే తానం సేయిత్తన్నావు" అని నూకమ్మ దెప్పేది.

ఒకరోజు ఆవిడ గుప్పెడు కల్లుప్పుతో మొక్క దగ్గర నిలబడి ఉంది. లోకనాథ్ ఒక్క గెంతు గెంతి చెయ్యి పట్టుకున్నాడు.

"మామ్మా! ఏటి సేత్తన్నావ్?"

"ఏటేటి? కొబ్బరిచెట్టుకి ఏటా ఉప్పెయ్యమూ? కాపు బాగా కాత్తాది. ఇదీ కొబ్బరి పీసులోనే ఉంది కదా."

ఆ గురువారం బిందు ఈ కథ విని పొట్ట పట్టుకుని నవ్వింది. నూకమ్మ చేతి చేపల పులుసు తిని మరీ వెళ్లింది. ఇన్‌స్పెక్షన్ పావుగంట అయితే, భోజనం గంటా, కబుర్లు గంటా పట్టేవి. ఉద్యోగస్తులు ఇంత శ్రద్ధగా పనిచేస్తారని లోకనాథ్ ఎన్నడూ అనుకోలేదు.

డిసెంబర్‌లో ఆకు మొదట్లో పచ్చటి మొలక కనిపించింది. ఫోటో తీసి పంపాడు. 'మొగ్గ వచ్చేసింది మేడమ్!' గంటలో స్కూటీ వాకిట్లో ఆగింది.

"వేరు ఇది" అంది బిందు ఆయాసపడుతూ.

"మరి మొగ్గలాగ ఉందే?"

"కొస నున్నగా, గుండ్రంగా ఉంటే వేరు. పూలకాడైతే చదునుగా పుట్టి, పైకి తిరుగుతాది. తెలిసిందా?"

"తెలిసింది మేడమ్."

తెలియలేదు. జనవరిలో మళ్లీ పిలిచాడు, అదీ వేరే. ఫిబ్రవరిలో మళ్లీ పిలిచాడు. బిందు మొక్క వైపు చూసి, అతని వైపు చూసి, "నిజంగా తెలీకే పిలుస్తన్నావా?" అంది.

"ఒట్టు మేడమ్, తెలీకే!"

ఫిబ్రవరిది మాత్రం తెలిసే పిలిచాడు. చెప్పొద్దూ, ఆ అమ్మాయి లేని ఆరు రోజులూ ఎందుకొచ్చాయా అన్నట్టే గడుస్తున్నాయి అతనికి. కానీ ఆమె వచ్చేది డ్యూటీ కోసం. డ్యూటీ మీద వచ్చిన మనిషికి ప్రేమా దోమా అని చెబితే ఏం బాగుంటుంది? అదీ కాక ఆమె ఉద్యోగస్తురాలు, తను జీడి రైతు. అలా నోరు మూసుకుని ఉండిపోయాడు.

మార్చి రెండో వారంలో నిజంగానే పూలకాడ వచ్చింది. చదునుగా పుట్టి, పైకి తిరిగి, పది రోజుల్లో ఎనిమిది మొగ్గలు తొడిగింది. ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి వరండాలో చతికిలబడ్డాడు. పూస్తే ఇన్‌స్పెక్షన్ అయిపోతుంది. ఇన్‌స్పెక్షన్ అయిపోతే బిందు రాదు.

గురువారం పొద్దున్నే మొక్కని తీసుకెళ్లి వెనక గదిలో దాచేశాడు.

"మొక్కేదీ?" అంది బిందు వస్తూనే.

"గాలి ఎక్కువగా ఉందని లోపలెట్టాను మేడమ్."

బిందు చుట్టూ చూసింది. కొబ్బరాకు కూడా కదలడం లేదు. "మొగ్గేమైనా వచ్చిందా?"

"అబ్బే. మొగ్గ కాదు, ఏళ్లే."

చూపించమని పట్టుబడుతుందేమోనని లోకనాథ్ లోపలి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆమె పట్టుబట్టలేదు సరికదా, కుర్చీ లాక్కుని కూర్చుని, "మామ్మా, ఇవాళ కూరేటి?" అని కేకేసింది. ఆ తర్వాతి గురువారం కూడా అంతే.

శనివారం మధ్యాహ్నం నీళ్లు చల్లుదామని వెనక గది తలుపు తీశాడు. నేల మీద పసుపుబారిన మొగ్గలు రాలి ఉన్నాయి. ఒకటి, రెండు... ఏడు. కాడ చివర ఒకే ఒక్కటి మిగిలింది.

నోరు విప్పకుండా ఊరుకుని, ఈ ఏడాది పూయలేదంటే సరిపోతుంది, వచ్చే ఏడాది దాకా గురువారాలు ఖాయం. ఆ ఆశ పుట్టడం నిజమే. కానీ హెల్మెట్ అద్దం వెనక ఆ కళ్లు గుర్తొచ్చాయి. ఫోన్ తీశాడు.

"మేడమ్, రండి. తప్పు సేసేను."

బిందు వచ్చేసరికి వాన పట్టుకుంది. వేసవి వాన, చుక్క చుక్కకీ మట్టి వాసన. తడిసిన చున్నీతోనే ఆమె వెనక గదిలోకి వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయింది. గది నిండా గడ్డిలో మగ్గుతున్న పనసపళ్లు. వాసన ముక్కుపుటాలు అదరగొడుతోంది.

"పనసపళ్ల గదిలో పెట్టావా? ఓలమ్మో! పళ్లు పండేటప్పుడు ఒక గాలి వదుల్తాయి. అది తగిలితే ఆర్కిడ్ మొగ్గలు నిలవవు!"

"నాకు తెల్దు మేడమ్. ఈ ఇంట్లో ఏది దాసినా పనసపళ్ల గదిలోనే దాత్తాం."

"అసలెందుకు దాచావు?"

లోకనాథ్ రాలిన మొగ్గలు ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. "పూసేత్తే మీరు రారు కదా" అన్నాడు. మొదలెట్టాక ఇంక ఆగలేదు. "మీరంటే నాకు ఇష్టం మేడమ్. శానా ఇష్టం. మీరు డ్యూటీ మీద వత్తన్నారని తెలుసు. అయినా గురువారం వత్తే సాలు నాకు. అందుకే దాసేను. దీన్ని సంపేత్తానని అనుకోలేదు."

బిందు అతని అరచేతిలోంచి ఒక మొగ్గ తీసుకుంది. పెంకుల మీద వాన జోరందుకుంది.

అంతలో వరండాలోంచి నూకమ్మ గొంతు వినిపించింది. "డ్యూటీ ఏట్రా వెర్రోడా! మన ఊరి సచివాలయంలో తోటల ఉద్యోగి సూర్యారావు కదరా. ఈ గుంటది కల్వర్టు అవతలూరి ఉద్యోగి. ఇక్కడ దానికి డ్యూటీ ఏటి?"

లోకనాథ్ బిందు వైపు తిరిగాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"మామ్మా! మీకెప్పట్నుంచి తెలుసు?"

"రెండో గురువారం నుంచీ. నా పులుసు కోసం వత్తన్నావనుకున్నానే తల్లీ."

బిందు తడిసిన చున్నీతో మొహం తుడుచుకుంది. నవ్వు ఆపుకోలేకపోతోంది. "నువ్వు 'ఏళ్లే' అన్న ప్రతిసారీ నాకెంత హాయిగా ఉండేదో తెలుసా? ఇంకో వారం వచ్చిందని."

"మేడమ్..."

"మేడమ్ అన్నావంటే ఆ పనసపండు ఎత్తి నెత్తినేస్తాను."

"బిందూ" అన్నాడు లోకనాథ్, మొదటిసారి. అని, రెండోసారి కూడా అన్నాడు.

మిగిలిన ఒక్క మొగ్గనీ ఇద్దరూ పసిపిల్లలా కాచుకున్నారు. మొక్కని మళ్లీ పాత చోటికే, పాత దిక్కుకే తిప్పి కట్టారు. అసలైన డ్యూటీ అవగానే బిందు రోజూ రాసాగింది. పన్నెండో రోజు పొద్దున్న ఆ మొగ్గ విచ్చింది. రేకుల నిండా గోధుమరంగు గళ్లు, మధ్యలో వంకాయరంగు. చిన్న పువ్వే. వరండా అంతా తియ్యటి వాసన.

ఆ ఆదివారం టెక్కలి నుంచి బిందు వాళ్లమ్మ భాగ్యలక్ష్మి దిగింది. పలాస స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి, దారంతా కుదుపులకి నడుం పట్టుకుని వచ్చింది.

"ఈ ఒక్క పువ్వు కోసమా ఇంత దూరం రప్పించావు?" అంది కూతురితో.

"పువ్వునీ సూడు, దాన్ని పెంచినోణ్నీ సూడు" అంది నూకమ్మ, మజ్జిగ గ్లాసు అందిస్తూ.

భాగ్యలక్ష్మి లోకనాథ్‌ని పైనుంచి కింద దాకా చూసింది. చేతిలో స్ప్రే బాటిల్‌తో అతను పెళ్లిచూపుల పిల్లలా నేల చూపులు చూస్తున్నాడు.

బిందు అతని పక్కకి వచ్చి నిలబడింది. "పూసేసింది లోకనాథ్. ఒప్పుకున్న ప్రకారం ఇంక ఇన్‌స్పెక్షన్‌కి రాను."

లోకనాథ్ చప్పున తలెత్తాడు. "మరి?"

"ఇంక వచ్చి వెళ్లడాలు లేవు. వస్తే ఉండిపోవడానికే."

లోకనాథ్ భాగ్యలక్ష్మి వైపు తిరిగాడు. సంతోషం పట్టలేక చేతిలో ఉన్నదాన్ని గట్టిగా నొక్కేశాడు. స్ప్రే బాటిల్ తుంపరంతా వెళ్లి కాబోయే అత్తగారి మొహం మీద పడింది.

బిందు నాలిక్కరుచుకుంది. భాగ్యలక్ష్మి తీరిగ్గా కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏటే బిందూ, ఈ అల్లుడు నన్ను కూడా పూయించేసేలా ఉన్నాడే!"