ముందు నువ్వు చూసినావా అక్కా?

రెండో సైరన్ మోగింది.

బడిలో అది మధ్యాహ్న భోజనం వేళ. మంగంపేట ముగ్గురాయి గని ఆ బడికి దగ్గరే. రోజూ ఒంటిగంటకు అక్కడ బ్లాస్టింగ్ చేస్తారు. రెండో సైరన్ ఆగిన కాసేపటికి ధడ్‌మని మోత వస్తుంది, కిటికీ రెక్కలు అదురుతాయి. ఆ ఊరి పిల్లలకు అదొక లెక్కే కాదు. పప్పన్నం కలుపుకుంటూనే ఉంటారు.

తేజు ఒక్కడే ప్లేటు వదిలేసి పరుగెత్తాడు. గుడ్డు దొర్లుకుంటూ పోయి మట్టిలో పడింది. వాడు ఒకటో తరగతి బెంచీ కింద దూరి, రెండు చేతులతో తల కప్పుకున్నాడు.

ఐదో తరగతి చదివే యామిని వాడి అక్క. ఎంగిలి చేత్తోనే వెనకాల పరుగెత్తింది.

“రారా చిన్నోడా, ఏం కాదు.”

“నాయన లోపల ఉండాడక్కా! గోడ పడిపోతాది!”

ధడ్‌మంది. వాడి నిక్కరు తడిసిపోయింది.

నెల కిందటి దాకా ఈ మోత వాళ్ళిద్దరి ఆట. సైరన్ ఆగగానే అక్కా తమ్ముడూ అంకెలు లెక్కపెట్టేవాళ్ళు. నలభై లోపు మోత వస్తే తేజు గెలిచినట్టు. వాళ్ళ నాన్న ఓబుళేశు ఆ గనిలోనే టిప్పర్ నడుపుతాడు. అందుకని వాడు “మా నాయన మోత!” అని చప్పట్లు కొట్టేవాడు. బడంతా నవ్వేది.

సుప్రజ మేడమ్ వాడికి వేరే నిక్కరు తొడిగింది.

“ఇది నాలుగోసారి యామినీ. వీణ్ణి ఎవరైనా భయపెట్టారా? ఏమైనా చూశాడా?”

“తెలీదు మేడమ్.”

అది అబద్ధం. ఆమెకు బాగా తెలుసు.

నెల కిందట ఒక ఆదివారం జరిగిందది. అమ్మ శ్రీదేవి వంటలో ఉండి ఫోను యామిని చేతిలో పెట్టింది. “చిన్నోడికి బొమ్మల పాటలు పెట్టు, నాకు అడ్డం రాకుండా చూసుకో” అంది. బొమ్మల పాటలు చూసీ చూసీ యామినికి విసుగు. తను ఒక సినిమా పెట్టుకుంది. గనిలో చిక్కుకుపోయిన మనుషుల కథ. మొదట్లో తెర మూలన పదహారు ప్లస్ అని పడింది. యామిని దాన్ని చదివింది, అంతే. పదేళ్ళ పిల్ల ఒళ్ళో ఐదేళ్ళ పిల్లాడు కూర్చున్నాడు.

గోడ కూలేటప్పుడు “కళ్ళు మూసుకోరా” అంది. కళ్ళు మూసుకోమంటే వేళ్ళ సందుల్లోంచి చూడని పిల్లాడు ఎక్కడైనా ఉంటాడా? వాడు అంతా చూశాడు. మట్టి కిందినుంచి బయటికి వచ్చిన చెయ్యి కూడా చూశాడు.

“ఉత్త సినిమా లేరా” అని తను వేరుశనగలు తినడానికి పోయింది.

బడిలో నిక్కరు తడిసిన మర్నాడు పొద్దున గని డ్యూటీ బస్సు ఇంటి ముందు హారన్ కొట్టింది. తేజు, నాన్న క్యారియర్‌ను గుండెకు హత్తుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు.

“ఇయ్యి నాయనా, బస్సు పోతాది” అన్నాడు ఓబుళేశు.

“పోవద్దు. గోడ పడతాది.”

ఓబుళేశు వాడి ముందు గొంతుక్కూర్చున్నాడు. “మాది తెరిచిన గని రా. పైన ఆకాశమే. కూలేదానికి కప్పే లేదు.”

“పక్కన గోడ ఉండాది కదా నాయనా.”

గనికి గోడ లేదని ఓబుళేశు ఎట్లా చెబుతాడు? బస్సు ఇంకోసారి హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఈ నెలలో ఇది మూడోసారి.

శ్రీదేవి కొంగుతో ముఖం తుడుచుకుంది. “తాయెత్తు కట్టిస్తిమి, దిష్టి తీస్తిమి. పిల్లోనికి ఏం పట్టిందో ఏమో.”

యామిని ఇక దాచలేకపోయింది.

“నేనే మా! నా సినిమా వాడు చూసినాడు. నేనే చూపించినా.”

తిడతారనుకుంది. కొట్టినా బాగుండేదేమో. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

“పాటలు చూస్తాండారులే అనుకుంటిని” అంది నీరసంగా.

“ఫోను ఇచ్చి మన పని మనం చూసుకుంటిమి. ఏం చూస్తాండారో ఒక్కనాడన్నా తొంగి చూస్తిమా?” అన్నాడు ఓబుళేశు. ఎవరినీ చూడకుండా అన్నాడు.

యామిని ఫోను తెచ్చి, ఆ సినిమా ఉన్న యాప్‌నే తీసేసింది. “చూడరా, ఇంక లేదు. పోయింది.”

తేజు ఫోను వంక చూశాడు.

“ఫోన్లో లేదు సరే. నా కండ్లల్లో ఉండాది కదక్కా.”

ఆ రోజంతా యామినికి ముద్ద దిగలేదు. చూసినదాన్ని చూడనట్టు చేసే మందు ఏ అంగట్లోనూ దొరకదు.

బడిలో మేడమ్‌కూ నిజం చెప్పేసింది. “ప్రతి శనివారం పెద్ద టీవీలో ఏదో ఒకటి పెట్టమని మీ ఐదో తరగతి వాళ్ళకే వదిలేస్తున్నాను. ఒకటో తరగతి వాళ్ళు కూడా అక్కడే కూర్చుంటారు. నేనూ ఏ రోజూ ముందుగా చూడలేదు” అంది సుప్రజ మేడమ్.

శుక్రవారం సాయంత్రం బడి వదిలాక మేడమూ యామినీ కూర్చుని మూడు బొమ్మల కథలు చివరిదాకా చూశారు. ఒకదాంట్లో ఇల్లు కూలే సీను వచ్చింది. యామినికి నవ్వొచ్చింది. తర్వాత తేజు గుర్తొచ్చాడు. ఆ కథను పక్కన పెట్టేసింది.

శనివారం భోజనాలు తొందరగా ముగించి పిల్లలంతా హాల్లో చేరారు.

“దయ్యం సినిమా పెట్టు!” అని అరిచాడు యామిని క్లాసు భూపేష్.

“ఈడ చిన్నోళ్ళు ఉండారు. పెట్టను” అంది రిమోట్ పట్టుకున్న యామిని.

తేజు తలుపు దగ్గరే నిలబడ్డాడు. “అక్కా, ముందు నువ్వు చూసినావా?”

“చూసినా.”

“అంతా?”

“అంతా. మేకపిల్ల తప్పిపోతాది, కడాకు ఇంటికొస్తాది. గోడ ఏదీ పడదు.”

వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒక కన్ను అరచేత్తో మూసుకునే చూశాడు. ఆ చెయ్యి తీయమని యామిని అనలేదు.

కథ సగంలో రెండో సైరన్ మోగింది. తేజు బెంచీ కింద దూరాడు. యామిని రిమోట్‌తో బొమ్మ ఆపి, తనూ కిందికి దూరింది. వాడి చెవులు రెండూ చేతులతో మూసి, అంకెలు లెక్కపెట్టింది. వాడు గొంతు కలపలేదు. ముప్ఫై ఏడు దగ్గర మోత వచ్చింది. వాడు చప్పట్లు కొట్టలేదు, వణుకుతూనే ఉన్నాడు.

ఆమె ఒక్కతే బయటికి వచ్చింది. తెర మీద మేకపిల్ల కాలు ఎత్తి అలాగే నిలబడి ఉంది.

“పెట్టు యామినీ! ఎంతసేపు?” అన్నాడు భూపేష్.

యామిని రిమోట్ ఒళ్ళో పెట్టుకుని బెంచీ పక్కన నేల మీద కూర్చుంది.

“వాణ్ణి రానీ” అంది.