నాన్న నిదానంగా తింటాడు

"రెండు పొగలు లేస్తే వస్తాం. మూడు లేస్తే వెనక్కి తిప్పుతాం. అసలేమీ లేవకపోతే నువ్వు పోయావనుకుంటాం," అన్నాడు ఓక్ దళపతి.

తాక్ యున్ తల ఊపాడు. జపాను సైన్యం కొరియా దక్షిణ తీరాన దిగి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళలో తాక్ చేపలవాడయ్యాడు, బిచ్చగాడయ్యాడు, ఒకసారి మూగవాడు కూడా అయ్యాడు. కొరియాను ఏలే చోసన్ రాజుల నౌకాదళానికి అతడొక ఏజెంట్ అని తెలిసింది దళపతికి, తాక్ భార్యకు మాత్రమే.

ఈసారి మిషన్ జపాను వాళ్ళ చేతిలో ఉన్న సోల్పో కోట. అక్కడి రేవు ఖాళీగా ఉందని, శత్రువుల ఓడలన్నీ తూర్పుకు పోయాయని కోటలోని మన మనిషి కబురు పంపింది. పేరు సొల్మే. జపాను అధికారుల విందుల్లో పాడే గాయని. ఏడాదిగా ఆమె పంపిన ఏ కబురూ తప్పలేదు. అయినా ఓడలన్నిటినీ ఒక్క మనిషి మాట మీద పంపడం దళపతికి ఇష్టం లేదు.

"నాలుగు రోజులాగి పంపకూడదా అయ్యగారూ? ఎల్లుండి పౌర్ణమి. నాన్నకి పెట్టుకోవాలి."

"ఏడాదంతటికీ పెద్ద పోటు ఆ పౌర్ణమికే వస్తుంది. రేవు ముందున్న ఇసుకమేట మీదుగా మన ఓడలు లోపలికి పోవాలంటే ఆ రోజే పోవాలి. మీ నాన్నకి అక్కడే పెట్టు. పోయినవాళ్ళకి కోట తలుపులు అడ్డమా?"

"మరి పోటు తీశాక?"

"తీసేలోపు పని ముగించి బయటికి రావాలి. లేకపోతే బురదలో కూరుకుపోతాం." దళపతి గొంతు తగ్గించాడు. "ముందు ఓడలో తెడ్డు పట్టేది మీ తమ్ముడే. సరిగ్గా చూసి చెప్పు."

పౌర్ణమి పొద్దున తాక్ రొయ్యల పచ్చడి జాడీ వీపున మోసుకుంటూ సోల్పో కోట గుమ్మం ముందు నిలబడ్డాడు. జాడీ పైసగం పచ్చడి. అడుగుసగంలో, నూనె కాగితాల చుట్టలో, పిడుగుగుండు. గుమ్మడికాయంత ఇనప గోళం. లోపల మందు, ఇనప ముక్కలు, మరమేకుకి చుట్టిన వత్తి. అంటించాక కాసేపు బుద్ధిగా కూర్చుని, ఆ తర్వాత పేలుతుంది. ఓడలు లోపలికి వచ్చాక మందుగుండు కొట్టు పేల్చడానికి తెచ్చాడు.

కాపలావాడు ముక్కు మూసుకున్నాడు. "ఏం కంపయ్యా ఇది!"

"కంపు కాదు దొరా, ఊరింది. వేలు ముంచి నాకి చూడండి."

"ఛీ, పో పో!"

అతడు లోపలికి నడిచాడు. వెనక పెద్ద తలుపులు మూసుకున్నాయి, అడ్డగడియ పడింది. తాక్ వెనక్కి తిరిగి చూడలేదు. చూసినా దారి లేదు.

సొల్మే ఇల్లు సముద్రం వైపు కోటగోడకి ఆనుకుని ఉంది. నీలం పట్టు లంగా, కళ్ళలో నవ్వు. ఆమెను చూసి తాక్ తను వచ్చిన పని ఒక్క క్షణం మరిచిపోయాడు.

"వాన," అన్నాడు తేరుకుని.

"నాగలి," అని కోడ్‌కి జవాబిచ్చి ఆమె నవ్వింది. "రా అన్నయ్యా. నీకంటే ముందు నీ వాసనొచ్చింది."

గోడ మీంచి రేవు చూపించింది. నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఒక్క ఓడ లేదు. రెండు గట్ల మీదా వరుసగా గడ్డివాములు. తాక్ మనసు తేలికపడింది. పెరట్లో పచ్చి దేవదారు ఆకులు రెండు కుప్పలు పోసి అంటించాడు. రెండు తెల్లటి పొగలు నిటారుగా లేచాయి. మూడో పొగ సంగతి ఆమెకు చెప్పలేదు, అవసరం రాలేదు.

ఇద్దరు పనివాళ్ళు వచ్చి మిగిలిన ఆకులన్నీ ఎత్తుకుపోయారు.

"ఓడలు కొండమలుపు తిరిగేదాకా మనకేం పని లేదు చెల్లెమ్మా. ఈలోగా నాన్నకి పెట్టుకోనా?"

"అదేం మాట! నువ్వు కాళ్ళు కడుక్కుని కూర్చో, నేను సర్దుతాను. ఏడాదికి పన్నెండు పితృకార్యాలు జరిగే ఇంట్లో పుట్టాను నేను."

పళ్ళెం తెచ్చింది. అన్నం, ఎండుచేప, రేగుపళ్ళు, చెస్ట్‌నట్ గింజలు. అన్నిటి మధ్యలో, తుడిచి మెరిపించిన పీచ్ పండ్లు.

"మా నాన్నకి ఇవంటే ప్రాణం," అంది మెల్లగా.

తాక్ చూపు ఆ పండ్ల మీదే ఆగిపోయింది.

పెద్దలకు పెట్టే పళ్ళెంలో పీచ్ పండు ఉండకూడదని చోసన్‌లో ఏ కోడలికైనా అత్తగారు మొదటి ఏడే చెబుతుంది. ఆ పండు ఉన్న గడప ఆత్మలు తొక్కవు. దయ్యం పట్టినవాణ్ణి ఆ చెట్టు కొమ్మతోనే కొడతారు. పన్నెండు పితృకార్యాల ఇంటి ఆడపడుచుకి ఇది తెలియదా? సముద్రానికి అవతల, జపాను దీవుల్లో, ఇదే పౌర్ణమికి పెద్దలకు ఈ పండే ముద్దుగా పెడతారని అతడెక్కడో విన్నాడు.

ఈమె జపాను మనిషే. డబుల్ ఏజెంట్. ఏడాదంతా చిన్న చిన్న నిజాలు పంపింది, ఈ ఒక్క అబద్ధం కోసం.

రేవు మళ్ళీ కళ్ళముందు మెదిలింది. వరి ఇంకా పచ్చగా ఉన్న నెలలో గడ్డివాములేమిటి? ఆ గడ్డి వెనక ఫిరంగులున్నాయి. పోటు తీసి ఓడలు బురదలో చిక్కుకోగానే గడ్డి తీసేస్తారు. పక్క గదిలో పనివాళ్ళ నీడలు కాగితపు తలుపు మీద పడుతున్నాయి. వాళ్ళ నడుముల దగ్గర ఏదో పొడుగ్గా ఉంది.

తమ్ముణ్ణి పిలిచింది తనే. ఆ పొగలు తనే పెట్టాడు. బయట కోట, లోపల కత్తులు. కాల్చడానికి ఒక్క ఆకు లేదు.

"ఏమైంది అన్నయ్యా?"

"నాన్న గుర్తొచ్చాడు." కళ్ళు తుడుచుకున్నాడు; ఆ తడి మాత్రం నటన కాదు. "రొయ్యల పచ్చడి ఆయనకిష్టం. ఆ జాడీ ఇలా పెట్టుకోనీ."

జాడీని పళ్ళెం పక్కకు లాగాడు. ఆమెకు వీపు అడ్డంపెట్టి పచ్చడిలో మోచేతిదాకా చెయ్యి దూర్చి కాగితం చించి, వత్తి కొస బయటికి లాగాడు. అగరుకడ్డీ వెలిగించి, సాష్టాంగపడి లేస్తూ ఆ నిప్పు వత్తికి తాకించాడు. మూత వాల్చాడు. సన్నని పొగ అగరు పొగలో కలిసిపోయింది. నాన్నా, తప్పయితే క్షమించు అనుకున్నాడు.

"ఇప్పుడు ఆయన భోంచేస్తారు. మనం బయటికెళ్ళి తలుపు మూయాలి."

"తెలుసులే," అందామె. అది నిజంగానే తెలుసు.

పెరట్లో మూసిన తలుపు ముందు ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆమె వేళ్ళు అతడి చొక్కా చెయ్యి వదల్లేదు. కొండమలుపు దగ్గర మొదటి తెరచాప కనిపించింది. తాక్ చెవులు తలుపుకి అప్పగించాడు. ఏ చప్పుడూ లేదు. పచ్చడి తడికి వత్తి ఆరిపోయిందా?

రెండో తెరచాప. మూడోది.

"ఎంతసేపు అన్నయ్యా? తలుపు తీయవా?"

"మా నాన్న నిదానంగా తింటాడు."

ముందు ఓడ ఇసుకమేట మీదికి వచ్చేస్తోంది. తెడ్లు తళుక్కుమంటున్నాయి. ఆమె అతడి ముఖంలోకి చూసింది. చూస్తూ చూస్తూ నవ్వు ఆపేసింది. తలుపు మీద చెయ్యి వేసింది.

తాక్ ఆమెను పట్టుకుని నేల మీదికి లాగాడు.

ఇల్లు లేచిపోయింది. పెంకులు, రొయ్యలు, పీచ్ పండ్లు వానలా పడ్డాయి. రెండు తెల్ల పొగల మధ్య మూడోది, నల్లటిది, ఆకాశానికి లేచింది. కోటగోడ సముద్రం వైపు విరిగింది. తాక్ ఆ సందులోంచి దూకాడు. వెనక సొల్మే మొదటిసారి తన భాషలో అరిచింది. అతడికి అర్థం కాలేదు. నాన్నా అన్నట్టే వినిపించింది.

నీళ్ళలోంచి తల ఎత్తేసరికి ముందు ఓడ ఒక పక్క తెడ్లు ఆపి, రెండో పక్క తోసి, మేట అంచున గిర్రున వెనక్కి తిరుగుతోంది.

మర్నాడు శిబిరంలో, పండు చూసి నాన్న గడపలోనే ఆగిపోయాడా, లేక లోపలికి వచ్చి ఆ పండు తనకు చూపించాడా అని తాక్ చాలాసేపు ఆలోచించాడు. తేలలేదు. ఇంకో దేశపు కూతురు తన తండ్రి మీద ప్రేమతో పెట్టిన పండు ఇన్ని ప్రాణాలు కాపాడటమేమిటో, అది అసలే తేలలేదు.

"ఉచ్చు సంగతి నీకెవరు చెప్పారయ్యా?" అనడిగాడు ఓక్ దళపతి.

"మా నాన్న."

"ఆయన పోయి చాలా ఏళ్ళయింది కదా?"

"అయింది అయ్యగారూ. పాపం, నిన్న ముద్ద కూడా ముట్టలేదు."