ఎత్తి పోసుకున్న గుక్క

శ్రీముఖ నామ సంవత్సరం, మాఘ శుద్ధ సప్తమి. రేవుపట్నం కొలువుకూటంలో ఆనాడు ఉన్నది ముగ్గురే: విజయధ్వజ మహారాజు, వృద్ధ మంత్రి సోమన, సరంగు ఎర్రయ్య కూతురు పోలమ్మ. యువరాజు జయంతుడూ, అతని ఓడ నడిపిన ఎర్రయ్యా జపాను దీవిలో ఒక యక్షిణి తోటలోకి కత్తులతో చొరబడి రాళ్లైపోయారని అప్పుడే వార్త వచ్చింది.

"నేనెళ్తాను మారాజా," అంది పోలమ్మ. "మా అయ్యనీ, చినరాజునీ తెస్తాను."

మూడు తుఫానులు దాటి ఆమె ఆ దీవి చేరింది. వెదురు అడవిలో ఒక పులి దారికి అడ్డంగా పడుకుని, "ఇంత బక్కదానివి, నా పంటి సందుకైనా చాలవే!" అని వెక్కిరించింది.

"మరైతే నమిలే శ్రమ నీకెందుకు మామా? లేచి దారియ్యి!"

పులి నవ్వుతూ తప్పుకుంది.

తోట వాకిట్లో పోలమ్మ తన కత్తి వదిలేసింది. లోపలంతా మెత్తని నాచు, ఇసుక మీద గీసిన అలలు, కొలను ఒడ్డున మనిషంత ఎత్తున రెండు రాళ్లు. మోకాళ్ల మీద పాకితే తప్ప పట్టని గుమ్మం గుండా ఆమె ఒక చిన్న కుటీరంలోకి వెళ్లింది. ముసలి యక్షిణి పచ్చని తేయాకు పొడిని వేడినీళ్లలో వెదురు కుంచెతో నురగ వచ్చేలా చిలుకుతోంది.

"రా పిల్లా. ఇక్కడ అతిథీ, నేనూ ఒకే గిన్నెలో తాగుతాం. అదే మా మర్యాద. నీకు రెండు గుక్కలు. ఎవరిని తలచుకుని తాగితే వారు లేస్తారు. ఒకరిని రెండోసారి తలచుకోకూడదు."

తాను ఒక గుక్క తాగి గిన్నె అందించింది. పోలమ్మ కళ్లు మూసుకుని తండ్రిని తలచుకుంది. తరువాత, చిన్ననాటి నుంచీ ఇంట్లో నేర్చిన అలవాటు చొప్పున, ఎంగిలి తగలకుండా గిన్నె పైకెత్తి తేనీరు గొంతులో పోసుకుంది.

బయట ఏ అలికిడీ లేదు.

"నా పెదవి తగిలిన చోటు అంత పనికిరానిదా?" యక్షిణి గొంతులో కోపం లేదు. నొచ్చుకుంది, అంతే.

"అయ్యో అవ్వా! అలవాటే గాని అసహ్యం కాదు. మా అయ్యను ఇంకొక్కసారి..."

"ఆ గుక్క అయిపోయింది తల్లీ. ఈ నియమం మార్చడం నా చేతిలోనూ లేదు."

పోలమ్మ చాలాసేపు ఏడ్చింది. ఆపైన యక్షిణి పెదవి ఆనిన చోటే తన పెదవి ఆనించి, యువరాజును తలచుకుంటూ తాగింది. ముందు చేదుగా తగిలిన తేనీరు నాలుక చివర తియ్యగా మారింది. బయట యువరాజు గట్టిగా తుమ్మాడు.

ఇద్దరూ రేవుపట్నం చేరాక, మరుసటి వైశాఖంలో, యువరాజు కోరగా, ఆమె కూడా ఇష్టపడగా, పెళ్లి నిశ్చయమైంది. లగ్నపత్రికలో కన్యాదాత సంతకం దగ్గర సోమన కలం ఆగిపోయింది.

"ఇక్కడ ఎవరమ్మా?"

"మా అయ్య పేరు రాయండి, బాబుగారూ. నాకు తాగడం తెలియక ఆయన రాలేకపోయాడు. సంతకం నేను పెడతాను."

ఎర్రయ్య పేరు కింద పోలమ్మ తన పేరు నెమ్మదిగా రాసింది. సిరా ఆరాక సోమన పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి, చందనపు పెట్టెలో దాచాడు.