నిలవని కుచ్చిళ్లు

మంగళగిరి. ఉదయం తొమ్మిదిన్నర. డిజైన్ ఆఫీసులో హార్డ్ డిస్క్ మాయమైంది. తాళం పగల్లేదు. ఖరీదైన లాప్‌టాప్‌లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఎస్సై అఖిల వచ్చేసరికే యజమాని అన్వర్ దొంగ ఎవరో తేల్చేశాడు. ఆఫీసులో పనిచేసే త్రినాథ్. పోటీ కంపెనీకి వెళ్తానని నిన్ననే చెప్పాడట.

అక్కడ చీరల్ని ముందు కంప్యూటర్‌లో చూస్తారు. గుడ్డ బరువు, మెత్తదనం అంకెల్లో ఇస్తే, తెర మీది మనిషి ఒంటిపై చీర నిజంగానే జారుతుంది. ఆ ఒళ్లు శ్రీరమ్యది. అక్కడే పనిచేసేది. మెడ నుంచి కిందికి స్కాన్ చేయించుకుంది. ఆ నెలలోనే మిర్చి లారీ గుద్ది చనిపోయింది. భర్త చైతన్యకృష్ణ గుడ్డల్ని కంప్యూటర్‌లో మోడల్ చేసేది ఆ ఆఫీసులోనే.

పోయిన డిస్క్‌లో ఉన్నది ఆ స్కాన్ ఒక్కటే.

"దానికోసం ఏమైనా గొడవైందా?" అంది అఖిల.

త్రినాథ్ చెప్పాడు. కుచ్చిళ్లు తిన్నగా పడటం లేదని, ఆ స్కాన్ తీసేసి కొత్తది చేయిద్దామని అన్వర్ అన్నాడట. తప్పు స్కాన్‌ది కాదు, గుడ్డదని చైతన్యకృష్ణ పట్టుబట్టాడట. నెలరోజులుగా మెత్తదనం అంకెలు మారుస్తూనే ఉన్నాడట.

అదే చీరను, అవే అంకెలతో, వేరే ఒంటికి కట్టి చూపించమని అఖిల త్రినాథ్‌కు చెప్పింది. కుచ్చిళ్లు తిన్నగా నిలబడ్డాయి.

గోడమీద శ్రీరమ్య స్కాన్‌కు చీర కట్టిన బొమ్మల ప్రింటు ఉంది. అందులో పక్క నుంచి తీసిన బొమ్మను అఖిల చూసింది. నడుము కింద గుడ్డ కాస్త ముందుకు లేచింది. అఖిల ఇద్దరు బిడ్డల తల్లి. ఇక ఎవరినీ అడగక్కర్లేకపోయింది.

అందరినీ కూర్చోబెట్టింది.

"గుడ్డలో తప్పు లేదు. అది మీకు మొదట్నుంచీ తెలుసు కదా, చైతన్యకృష్ణ గారూ?"

అతను సంచిలోంచి డిస్క్ తీసి బల్లమీద పెట్టాడు.

"నాలుగో నెల మేడమ్. ఐదు నిండాక అందరికీ చెబుదామంది."

అన్వర్ తల దించుకున్నాడు. త్రినాథ్ కిటికీ వైపు తిరిగాడు.

"ఇందులో ఆమె ముఖం కూడా లేదు కదండీ," అంది అఖిల మెల్లగా.

"ముఖం ఫోన్‌లో ఉంది మేడమ్, చాలా ఫొటోలు. బిడ్డ మాత్రం ఇందులోనే ఉంది."

కంప్లయింటు వద్దన్నాడు అన్వర్. అఖిల డిస్క్‌ను రెండు చేతులతో తీసి చైతన్యకృష్ణకిచ్చింది.